కిటికీకి మొగం ఎటు?

కోయిలకుంట్ల ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే ప్రభుదాసు మాస్టారికి ఆ గురువారం పొద్దున ఒక్కటే పని. నంద్యాల నూనెపల్లెలో ఉన్న తన ఇంటి వీధివైపు కిటికీకి కొలతలు తీసుకోవాలి, బడికి పోతూ పోతూ దుకాణంలో చెప్పాలి, శనివారం సాయంత్రం నాలుగింటి లోపల కొత్త అద్దాలు బిగించాలి. మనుషులు ఇంతకంటే పెద్ద పనులు చాలానే చేశారు. ఆ మనుషుల్లో ప్రభుదాసు మాత్రం ఎప్పుడూ లేడు.

ఆ కిటికీ సంగతి కొంచెం చెప్పుకోవాలి. అది నాలుగు రెక్కల కిటికీ. లోపల ఇనుప కమ్మీలు, బయటికి తెరుచుకునే రెక్కలు, కింద వీధి అరుగు. అద్దాలను పట్టి ఉంచే లప్పం ఎండి ఊడిపోయి, అవి పళ్ళూడే వయసు పిల్లవాడి పళ్ళలాగా కదులుతుండేవి. వాన వచ్చిందంటే సగం వీధిలో కురిసేది, సగం ఇంట్లో కురిసేది. పోయిన ఏడాది ఆగస్టులో చర్చి స్త్రీల సమాజం వాళ్ళ ప్రార్థన కూడిక ఈ ఇంట్లోనే జరిగింది. రెండో పాటకు వాన మొదలైంది. మూడో పాటకల్లా కిటికీ కింద కూర్చున్న పాస్టరమ్మ మంజులగారి పట్టుచీర, బైబిలు, ముందున్న బొరుగుల పళ్ళెం అన్నీ తడిసి ముద్దయ్యాయి. "నాకు మళ్ళ బాప్తిస్మం ఇచ్చినావమ్మా సారమ్మా" అని ఆమె నవ్వుతూనే అంది. అందరూ నవ్వారు. ప్రభుదాసు భార్య సారమ్మ మాత్రం ఏడాదైనా ఆ నవ్వు మరిచిపోలేదు.

ఈ శనివారం మళ్ళీ వాళ్ళింటి వంతు వచ్చింది. సారమ్మ ఊళ్ళో ఒక ఆసుపత్రిలో నర్సు. ఎవరికైనా సూది వేసేటప్పుడు ఎంత తక్కువ మాట్లాడుతుందో ఇంట్లోనూ అంతే మాట్లాడుతుంది.

"మా అన్నను పిలిపిస్తా" అంది.

సారమ్మ అన్న దేవదానం ఆళ్ళగడ్డలో పేరున్న వడ్రంగి. ఇరవై రెండేళ్ళ కిందట ఈ కిటికీ చేసింది కూడా ఆయనే. ప్రభుదాసుకు బావంటే గౌరవం లేక కాదు. పోయిన క్రిస్మస్‌కు ప్రభుదాసు గోడకు ఒక మేకు కొట్టి గడియారం తగిలించాడు. మేకూ గడియారమూ కలిసికట్టుగా వచ్చి కేకు మీద పడ్డాయి. అప్పుడు దేవదానం బంధువులందరి ముందర, "బావా, సుద్దముక్క తప్ప నీ చేతికి ఇంగేమీ ఈగూడదప్పా" అన్నాడు. ఆ మాట ప్రభుదాసు కడుపులో ఇంకా అరగలేదు.

"మీ అన్నను పిలిచే పన్లేదు. ఈ పని నా చేతిమీదుగా జరుగుతాది."

"ఇరవై రెండేండ్లాయ. ఈ ఇంట్లో ఒక్క పనన్నా నీ చేతిమీదుగా జరిగిందా?" అంది సారమ్మ చపాతీ పిండి పిసుకుతూ.

కోపంగా అని ఉంటే ప్రభుదాసు కూడా కోపంగా జవాబు చెప్పేవాడు. ఆమె మామూలుగా, ఉన్నమాట ఉన్నట్టు అంది. అందుకే ఆయనకు ఎక్కువ తగిలింది. వెనక్కి తిరిగి చూసుకుంటే నిజంగానే ఒక్క పనీ కనిపించలేదు. ఆమె కోసం ఈ ఒక్కటైనా సరిగ్గా చేసి చూపించాలని ఆయనకు గట్టిగా అనిపించింది.

"శనారం కూడికలో ఒక్క సుక్క లోపలికొచ్చినా సరే, ఇంగ ఈ ఇంట్లో సుత్తి మాట, మేకు మాట నేనెత్తను. అన్నీ మీ అన్ననే అడుగు" అనేశాడు. నోరు జారితే తీసుకోలేమని పిల్లలకు ఏటేటా చెప్పే మనిషే.

కొలతలు మాత్రం ఆయన శ్రద్ధగానే తీసుకున్నాడు. అందులో ఒక రహస్యం ఉంది. అంతకుముందు రోజు దేవదానం చెల్లెలికి ఫోను స్పీకరులో పాఠం చెబుతుంటే ప్రభుదాసు పేపరు అడ్డం పెట్టుకుని అంతా విన్నాడు. "కనపడేంత మేర కొలిస్తే చాలదమ్మా, గ్లాసు కూర్చునే గాడి ఉంటాది సూడు, ఆ గాడిలో కొలవాల. పైన, నడుమ, కింద, మూడుతావుల కొలవాల. మూట్లో యాది తక్కువుంటే దాన్నే తీసుకోవాల. అందులోనుంచి మళ్ళ ఒక నూలంత తగ్గియ్యాల. వానకు కొయ్య ఉబ్బుతాది, గ్లాసుకు ఊపిరాడాల గదా. లప్పం బయటి పక్క ఉండాల, వాలుగా దిద్దాల. నీళ్ళు నిలబడితే యా కిటికీ అయినా కారతాది." ప్రభుదాసు అచ్చం అట్లాగే గాడిలో మూడుచోట్ల కొలిచి, తక్కువది తీసుకుని, నూలంత, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గించి, గుండ్రటి అక్షరాలతో కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. అంతవరకు ఆయన తప్పేమీ లేదు.

తప్పంతా ఆయన తెలుగులో ఉంది. తెలుగు మాట ఉండగా ఎవరైనా ఇంగ్లీషు మాట వాడితే మాస్టారికి ఒళ్ళు మండుతుంది. బడిలో ఎవడైనా 'బెంచీ' అన్నాడంటే 'బల్ల' అని వందసార్లు రాయాలి. కోయిలకుంట్ల బస్సుకు ఇంకా మంచి తెలుగు మాట దొరకలేదు కాబట్టి దాన్ని 'అది' అంటాడు. ఇంట్లో 'గ్లాసు' అనే మాట వినపడకూడదు. ఆ పట్టుదలలో వస్తువు కూడా ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. వచ్చిన చుట్టాలతో సహా అందరూ చెంబుతోనే నీళ్ళు తాగాలి. సారమ్మకు రోజూ మాత్ర వేసుకునేటప్పుడు చెంబు ఎత్తి సగం నోట్లో, సగం మీద పోసుకోవడం అలవాటైపోయింది.

గాంధీ చౌక్‌లో గోపాలకృష్ణ శెట్టి దుకాణంలో బేరం ఇట్లా నడిచింది.

"రాండి సార్. ఏం గ్లాసు కావాల? ప్లేనా, పువ్వులదా, నల్లదా?"

"గ్లాసనేది నీళ్ళు తాగేదానికి శెట్టీ. నాకు కావాల్సింది అద్దాలు."

శెట్టి చేతిలో పెన్ను ఆగింది. "అద్దాలా?"

"అద్దాలే. నాలుగు. ఇవిగో కొలతలు."

"మొగం బాగా కనపడాలనా సార్?"

"మొగం కనపడకపోతే అదేం అద్దమప్పా? ఎదురుగా నిలబడినోళ్ళు తేటగా కనపడాల. మసక ఉండగూడదు."

"నాలుగూ ఒకటే కొలత రాసినారే. అమ్మగారేమన్నా బ్యూటీపార్లర్ పెడతాండారా సార్?"

"ప్రార్థన కూడిక" అన్నాడు ప్రభుదాసు గంభీరంగా.

శెట్టి ఇంకేమీ అడగలేదు. పరాయివాళ్ళ పూజల గురించి ఆరా తీయగూడదని వాళ్ళ నాయన చెప్పి పోయాడు. 'అద్దాలు - నాలుగు' అని రాసుకుని, మరుసటిరోజు మధ్యాహ్నం ఓబులేసును పంపిస్తానన్నాడు.

అసలు సంగతేమంటే, ఆ దుకాణాల్లో కిటికీకి పెట్టేదాన్ని గ్లాసంటారు, మొహం చూసుకునేదాన్ని అద్దమంటారు. ఈ ముక్క నంద్యాలలో బడికి పోని పిల్లవాడికి కూడా తెలుసు. బడిలో చెప్పే మాస్టారికి తెలియలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఓబులేసు వచ్చాడు. సారమ్మ ఆసుపత్రిలో ఉంది. తాళం ఎదురింటి రత్నమ్మ దగ్గర ఉంటే ఆమె తీసి, కిటికీ చూపించి, భోంచేసి పడుకునే వేళైందని వెళ్ళిపోయింది. ఓబులేసు ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడు. కిటికీని చూశాడు, అద్దాలను చూశాడు, మళ్ళీ కిటికీని చూశాడు. అనుమానం తీరక మాస్టారికి ఫోను చేశాడు. మాస్టారు అప్పుడు పదో తరగతిలో సంధులు చెబుతున్నాడు.

"సార్, ఈ అద్దాలు కిటికీకేనా?"

"కిటికీకి గాక వాకిలికి పెడతారా అప్పా?"

"సరే సార్. మొగం యా పక్కకు పెట్టాల? లోపలికా, బయటికా?"

కిటికీకి మొగం అనే మాట వినగానే ప్రభుదాసు మురిసిపోయాడు. పని చేసేవాళ్ళ నోట్లోనే అసలు తెలుగు బతికి ఉందని ఆయన నమ్మకం. లప్పం బయటి పక్క ఉండాలని దేవదానం చెప్పింది కూడా గుర్తొచ్చింది.

"బయటికే పెట్టు. ఇల్లన్నాక మొగం వీధివైపే ఉండాల గదా."

"ఉంటే మేలే సార్. కానీ ఇంట్లోకి ఎలుతురు..."

"ఎలుతురు దానంతటదే వస్తాదిలేప్పా" అని మాస్టారు ఫోను పెట్టేసి, సవర్ణదీర్ఘ సంధిలోకి తిరిగి వెళ్ళాడు.

చెప్పిన పని చేయడంలో ఓబులేసుకు వంక పెట్టేదానికి లేదు. గాడిలో పాత లప్పమంతా గీకి, దుమ్ము తుడిచి, కొత్త లప్పం పలచగా పరిచి, దాని మీద అద్దం ఆనించాడు. చిన్న మేకులతో నిలబెట్టి, మళ్ళీ లప్పం పెట్టి నీళ్ళు జారిపోయేట్టు వాలుగా దిద్దాడు. కొలతలు అంత బాగా కుదిరినందుకు మాస్టారిని తనలో తాను మెచ్చుకున్నాడు కూడా. నాలుగు అద్దాలూ వీధివైపు తళతళలాడుతుంటే, తల దువ్వుకుని, రత్నమ్మ గడపలో తాళం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ కిటికీ ముందు తల దువ్వుకున్న మొదటి మనిషి అతనే.

నాలుగున్నరకు ప్రభుదాసు 'అది' దిగి వీధి మలుపు తిరిగేసరికి తన ఇంటి ముందర పదిహేను మంది ఉన్నారు. ఆయన నడక పరుగైంది. ఇంటి ముందు జనం ఉంటే మంచి వార్త ఉండదు. దగ్గరికి పోయి చూస్తే ఎవరి మొహంలోనూ విచారం లేదు. ఇద్దరు కాలేజీ పిల్లలు ఒకే దువ్వెనతో వంతులవారీగా దువ్వుకుంటున్నారు. కూరగాయల బండాయన అరుగెక్కి మీసం సరిచేసుకుంటున్నాడు. ఆటో అజయ్ కుమార్ ఇంజను ఆపకుండానే పళ్ళు చూసుకుంటున్నాడు.

"ఏం సారూ, భలే పని చేసినారు. వీధికి మేలు" అన్నాడు అజయ్ కుమార్.

ప్రభుదాసు కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి నలుగురు ప్రభుదాసులు నోరు తెరుచుకుని ఆయన వైపు చూశారు.

అప్పుడే వెనకనుంచి రత్నమ్మ గొంతు వినిపించింది. "సారూ, మేమేం పాపం చేసినామప్పా మీకు?"

ప్రభుదాసు ఇల్లు పడమటి ముఖం. పొద్దు వాలేకొద్దీ ఎండ నేరుగా ఆ నాలుగు అద్దాల మీద పడి, అంతే నేరుగా తిరిగి రత్నమ్మ వరండాలోకి పోయింది. అక్కడ మంచం మీద నిద్రపోతున్న రత్నమ్మ మొహం మీద నాలుగు పొద్దులు ఒక్కసారిగా పొడిచాయి. ఎండ సంగతి ఆమె ఓర్చుకునేదేమో. ఎదురింటి గడపకు అద్దం చూపిస్తే మన ఇంటి దరిద్రం వాళ్ళింటికి పోతుందని ఆమెకు వాస్తు చెప్పేవాళ్ళు ఎవరో చెప్పి ఉన్నారు.

"ఒగటి పెట్టినా ఏదో తెలీక పెట్టినారనుకుందు. నాలుగు పెట్టినారే. అంత దరిద్రం ఉందా సారూ మీ ఇంట్లో?"

"అట్ల కాదు రత్నమ్మా, నేను చెప్పింది అద్దాలే గానీ..."

"సూడు, ఆయప్పే ఒప్పుకుంటాండాడు" అంది రత్నమ్మ వీధికంతా వినపడేట్టు.

ఆమె అప్పటికే వాకిట్లో బూడిద గుమ్మడికాయ కట్టింది. అది చాలదనిపించి, భర్త వెంకటేశ్వర్లును కేకేసి ఇంట్లో ఉన్న బీరువాను వరండాలోకి తోయించింది. ఆ బీరువా తలుపుకు నిలువుటద్దం ఉంది. ఇప్పుడు ఎండ ఇక్కడ తగిలి అక్కడికి, అక్కడ తగిలి ఇక్కడికి పోవడం మొదలైంది. మధ్యలో నిలబడ్డ ప్రభుదాసుకు ఎటు తిరిగినా కళ్ళు బైర్లు కమ్మాయి. కూరగాయల బండాయన తన టమాటాలు ఉడికిపోతాయని బండి తోసుకుని పోయాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, బీరువా తోసే తొందరలో వెంకటేశ్వర్లు, దారికి అడ్డంగా ఉందని వరండాలోని పొట్టేలు తాడు విప్పాడు. పందేల కోసం ఆయన పల్లీలూ గుడ్లూ పెట్టి పెంచుతున్న పొట్టేలది. పేరు పులి. మనుషులందరూ చూస్తున్నవైపు అది కూడా చూసింది. ఎదురింటి అరుగు పైన, తనంత ఎత్తు, తనలాంటి కొమ్ములు, తనలాగే కన్నార్పకుండా చూసే ఇంకో పొట్టేలు కనిపించింది. పులి నాలుగడుగులు వెనక్కి వేసింది. అవతలిది కూడా వెనక్కి వేసింది. ఆ పొగరు పులికి నచ్చలేదు.

"పులీ, వద్దు" అన్నాడు వెంకటేశ్వర్లు. అది అప్పటికే అరుగు మీద ఉంది.

నాలుగో అద్దం భళ్ళున పగిలింది. పులి తల విదిలించుకుని, శత్రువు ఎక్కడికి పోయిందా అని ఖాళీ రెక్కలోంచి ఇంట్లోకి తొంగి చూసింది. పక్కనున్న మూడో అద్దంలో ఇంకొకటి కనిపించేలోపల నలుగురూ కలిసి దాన్ని పట్టుకుని కిందికి లాగారు.

సరిగ్గా అప్పుడు సారమ్మ డ్యూటీ దిగి వచ్చింది. జనాన్ని చూసింది, పొట్టేలును చూసింది, భర్తను చూసింది. తాళం తీసి లోపలికి పోయింది. ప్రభుదాసు వెంటే పోయాడు. ఇల్లంతా చీకటి. కిటికీ ఉండాల్సిన చోట మూడు ఇటుకరంగు పలకలు, ఒక బొక్క ఉన్నాయి.

"ఏందిది?"

"అద్దాలు."

"అవి అద్దాలని నాకూ తెలుసు. కిటికీకి ఎవరన్నా అద్దాలు పెడతారా?"

"మరి కిటికీకి ఏం పెడతారు?"

"గ్లాసులు" అంది సారమ్మ.

ఇరవై రెండేళ్ళలో ఆ ఇంట్లో సారమ్మ నోట ఆ మాట రావడం అదే మొదలు. ప్రభుదాసు కుర్చీలో కూలబడ్డాడు. ఎక్కడ తప్పు జరిగిందో ఒక్కొక్క మాటగా గుర్తొచ్చింది. శెట్టి అడిగింది గుర్తొచ్చింది, ఓబులేసు అడిగింది గుర్తొచ్చింది. వాళ్ళు ఎవరి మొగం గురించి అడిగారో ఇప్పటికి అర్థమైంది. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. శెట్టికి ఫోను చేశాడు.

"గ్లాసైతే ఎంతైనా ఉంది సార్" అన్నాడు శెట్టి జాలిగా. "కోసేటోడే లేడు. ఓబులేసు ఇప్పుడే ఆత్మకూరుకు పెండ్లికి పాయ. సోమారం దాకా రాడు."

ఆ ఫోను అయ్యాక సారమ్మ తన ఫోను తీసింది. ఎవరికి చేస్తోందో ప్రభుదాసు అడగలేదు. పక్కగదిలోంచి, "అన్నా, రేపు పొద్దున్నే గ్లాసులు తీసుకొని రా" అనడం, అటువైపు నుంచి ఆళ్ళగడ్డ అంతా కలిసి నవ్వినట్టు నవ్వు వినిపించాయి.

శనివారం పదిగంటలకు దేవదానం బస్సు దిగాడు. దుప్పట్లో చుట్టిన నాలుగు గ్లాసులు చంకలో ఉన్నాయి. వచ్చీ రాగానే కిటికీ ముందర నిలబడి మీసం దువ్వుకున్నాడు. తరువాత అరుగు మీద కూర్చుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. రత్నమ్మ తన వరండాలోంచి ఆ నవ్వుకు తోడు కలిసింది. పొట్టేలు చేసిన పనికి రాత్రంతా మనసు పీకిన మనిషి ఆమె. బీరువా తెల్లారేసరికే లోపలికి పోయింది.

"బావా, మా వీధిలో కూడా ఒగటి పెట్టీప్పా, పొద్దున్నే మంగలి షాపుకు పోయే పని తప్పుతాది" అన్నాడు దేవదానం.

ఇంక ఈ ఇంట్లో తనకు సుత్తి పట్టే యోగం లేదని ప్రభుదాసుకు తెలిసిపోయింది. బావ చెప్పులు ఒకపక్క సర్ది, నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

దేవదానం ముందుగా పొట్టేలు పగలగొట్టిన రెక్కలో గాడి శుభ్రం చేసి, కొత్త గ్లాసు తీసి పెట్టాడు. గ్లాసు గాడిలో కూర్చోలేదు. ఇటు పెడితే అటు వచ్చి కమ్మీలకు ఆనింది. ఇంకొకటి తీసి పెట్టాడు. అదీ అట్లాగే అటువైపు పోయింది. మూడోది తీయలేదు.

"కొయ్య కరిగిపోయిందా ఏందీ" అన్నాడు రెక్కను అనుమానంగా తడుముతూ.

"యాడ కొలిచినావన్నా?" అని అడిగింది సారమ్మ.

"కొలిచేదేంది? నేను చేసిన కిటికీ నాకు తెల్దా? ఆళ్ళగడ్డలో కండ్లు మూసుకొని చెప్పి కోపిచ్చినా."

ప్రభుదాసు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. కావాలని ఆలస్యంగా విప్పాడు.

"కనపడేంత మేర చెప్పినావు బావా నువ్వు. గాడి లెక్కలో తీసుకోలేదు. గాడిలో కొలవాల. పైన, నడుమ, కింద, మూడుతావుల. యాది తక్కువుంటే అది తీసుకోని, మళ్ళ నూలంత తగ్గియ్యాల."

దేవదానం గ్లాసును, కాగితాన్ని మార్చి మార్చి చూశాడు. "ఇది ఎవురు చెప్పినారు నీకు?"

"నువ్వే. బుధారం. సారమ్మకు చెబుతాంటే విన్నా."

వరండాలో రత్నమ్మ నవ్వు ఆగింది. దేవదానం తల గోక్కున్నాడు. "పెద్దదైతే అంచులు కోపిచ్చుకోవచ్చు. చిన్నదాన్ని సాగదీసేకి ఇదేమన్నా చపాతీ పిండా" అని తనకు తానే చెప్పుకున్నాడు.

పన్నెండైంది. నల్లమల వైపు మబ్బు దిగుతోంది. నాలుగింటికి స్త్రీల సమాజం వస్తుంది. సారమ్మ చీకటి గదిలో కమ్మీల దగ్గర నిలబడి ఏడుపు ఆపుకుంటోంది. అది చూసి ప్రభుదాసుకు తన గెలుపు గెలుపులా అనిపించలేదు. బావ కొలత తప్పినా, తన కొలత కుదిరినా, ఆమె మళ్ళీ అందరి ముందూ నవ్వులపాలు కావడం ఖాయమే.

సారమ్మ దిక్కు తోచక అద్దం వెనక ఇటుకరంగు పూతను గోరుతో గీకుతోంది. పూత చిన్న పెచ్చుగా లేచింది. బియ్యపుగింజంత వెలుతురు వచ్చి ఆమె అరచేతిలో పడింది.

"అన్నా, ఈ రంగంతా గీకేస్తే ఏం మిగుల్తాది?"

"ఏం మిగుల్తాది, గ్లా..." అని దేవదానం బావ మొహం చూసి ఆగిపోయాడు.

"చెప్పు బావా, ఫర్వాలేదు" అన్నాడు ప్రభుదాసు. "గ్లాసే మిగుల్తాది."

ఇక ఆ ఇంట్లో ఎవరూ కూర్చోలేదు. సారమ్మ కొత్త బ్లేళ్ళ పెట్టె తీసింది. రత్నమ్మ పరుగున పోయి గేటుకు రంగు వేయగా మిగిలిన థిన్నర్ సీసా తెచ్చింది. థిన్నర్‌తో నానబెట్టి గీకితే పైరంగు లేచింది, దాని కింద వెండిపూత బూడిదలాగా రాలింది. రెండింటికి సమాజం ఆడవాళ్ళు ఇద్దరు కుర్చీలు సర్దడానికి వచ్చి, కుర్చీలు సర్దకుండా బ్లేళ్ళు తీసుకున్నారు. మూడింటికి పాస్టరమ్మ మంజులగారే వచ్చి కొంగు బిగించింది. పాటలు కూడికకు ముందే మొదలయ్యాయి. గీకుడు తాళానికి సరిపోయింది. అన్నీ అయిపోతుండగా, మూడో రెక్క కింది మూల అరచేతంత మేర గీకవద్దని మంజులగారు ఆపింది. వీధిలో నిలబడి ముక్కుపుడక చూసుకోవడానికి ఉంటుందట.

నాలుగో రెక్కకు దేవదానం తన గ్లాసునే పెట్టాడు. గ్లాసుకూ గాడికీ మధ్య మిగిలిన సందును చుట్టూ బెత్తెడు చెక్కపట్టీలతో కప్పి, లప్పం మెత్తి, మేకులు కొట్టాడు. "ఇది చూడు, ఏనుగు తోసినా కదలదు" అన్నాడు. ఆ మాట మీద నమ్మకం చూపించడానికి కూడికలో సరిగ్గా దాని కిందనే కూర్చున్నాడు.

రెండో పాటకు వాన మొదలైంది. ఆడవాళ్ళు నోటితో పాట పాడుతున్నారు గానీ కళ్ళన్నీ కిటికీ మీదే ఉన్నాయి. సారమ్మ కళ్ళు మూసుకుంది. వాన జల్లు అద్దాల మీద కొట్టి, వాలుగా దిద్దిన లప్పం మీదుగా అరుగు మీదికి జారిపోతోంది. మొదటి రెక్క పొడిగా ఉంది. రెండోది పొడిగా ఉంది. మూడోది కూడా పొడిగానే ఉంది. మూడో పాట అయిపోవచ్చే వేళకు నాలుగో రెక్క పట్టీ కిందనుంచి ఒక చుక్క బయటికి వచ్చి, కాసేపు ఆలోచించి, దేవదానం బట్టతల మీద పడింది. దాని వెనక ఇంకొకటి పడింది.

దేవదానం కదల్లేదు. కదిలితే అందరికీ తెలుస్తుంది. సారమ్మ కళ్ళు తెరిచి అటు చూసింది. మెల్లగా లేచిపోయి, వంటింట్లోంచి చెంబు తెచ్చి, అన్న చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తలమీద పట్టుకుని ప్రార్థన అయ్యేదాకా కూర్చున్నాడు. మంజులగారి పట్టుచీర మీద ఒక్క మచ్చ పడలేదు.

అందరూ బొరుగులు తిని వెళ్ళాక ప్రభుదాసు భార్య దగ్గరికి వచ్చాడు.

"ఒక్క సుక్క గూడా రాగూడదంటి. వచ్చింది" అన్నాడు నేరం ఒప్పుకున్నట్టు.

సారమ్మ కిటికీలోంచి తేటగా కనిపిస్తున్న వీధిని చూస్తోంది. "నాలుగింట్లో మూడు నీ కొలతలు. ఇరవై రెండేండ్లకు ముప్పావు పని నీ చేతిమీదుగా జరిగింది. చాల్లే" అంది. ఆ తరువాత ఆమె నవ్విన నవ్వు ప్రభుదాసుకు ఏ బిరుదు ఇచ్చినా రానంత సంతోషం ఇచ్చింది.

సోమవారం పొద్దున 'అది' ఎక్కేముందు ప్రభుదాసు గాంధీ చౌక్‌కు పోయాడు. దుకాణంలో ఎవరూ లేరని చూసుకుని, గొంతు సవరించుకుని, "శెట్టీ, ఒక గ్లాసు కావాల" అన్నాడు.

ఒకసారి దెబ్బతిన్న శెట్టి ఈసారి జాగ్రత్తపడ్డాడు. "కిటికీకా సార్, నీళ్ళు తాగేదానికా?"

మాస్టారు కాసేపు ఆలోచించి, రెండూ కొనుక్కున్నాడు.